మడ్డి పారేసి మిగిలింది పంపు

బలసముద్రం
12 జనవరి 2024

కావేరీ,

మీ అత్త రాస్తోంది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, అది అడుగుతూ ఒక పేజీ పాడు చెయ్యకు. ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వుకుంటూ ఉంటావు. ఆ ఫోను మీ మామతో పాటు సోలార్ పార్కు గేటు దగ్గరికి డ్యూటీకి పోతుంది. ఆయన ఇంటికొచ్చాక మాట్లాడదామంటే పక్కనే కూర్చుని ప్రతి మాటకూ "ఎవురు? ఏమంటాండారు?" అని అడుగుతాడు. పైగా నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. ఉత్తరంలో అయితే నడుమ దూరలేవు. ఇంకో సంగతి, నీకు తెలుగు అక్షరాలు దిద్దించింది నేను. బడిలో కన్నడం, బెంగుళూరులో కన్నడం. నేను నేర్పిన రాత అక్కడ తుప్పు పట్టిపోతే నాకే చిన్నతనం.

అసలు విషయానికి వస్తాను. నాకొక ప్రెస్ కావాలి. బట్టలు ఇస్త్రీ చేసేది కాదు, చెట్టు బంకను వేడి మీద నొక్కి పిండేది.

నువ్వు పోయినేడు ఊరి దేవర జాతరకు రాలేదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను, విను. స్వామి గుట్ట చుట్టూ తిరిగేటప్పుడు ముందు నడిచే ధూపం చట్టి మా ఇంటిది. మా మామగారు మంద కాసిన నాటి నుంచీ మా ఇంటిదే. అందులో వేసే బంక మా బండచేనులోని అందుగు చెట్లది. సోలారు వాళ్ళు చేనంతా లీజుకు తీసుకుని ఆ రాళ్ళ ముక్క మాత్రం మాకొద్దని వదిలేశారు, అందుకని చెట్లు బతికిపోయాయి. పోయినేడు ఆ బంకలో బెరడు, ఇసుక, తేమ అన్నీ ఉండిపోయాయి. నిప్పుల మీద వెయ్యగానే పటపటా పేలింది. ఒక రవ్వ ఎగిరి స్వామికి కట్టిన కొత్త పట్టుబట్ట మీద పడి బొక్క పడింది. ఊరంతా కళ్ళారా చూసింది.

దేవర పెద్ద దొడ్డయ్య తాత అందరి ముందూ అన్నాడు: "నరసక్కా, మాకు ధూపం కావాలమ్మా, టపాకాయలు గాదు. ఈసారి గూడా ఇట్లే అయితే చట్టి ఇంకొకరికి ఇచ్చేస్తాం." ఆ ఇంకొకరు ఎవరో కూడా అప్పుడే తయారుగా నిలబడి ఉన్నాడు. శివరాజు. సోలార్ ప్లేట్లు కడిగే కూలోళ్ళను పెట్టుకునే కంట్రాక్టరు లేడూ, వాడే. "పావగడలో ప్యాకెట్టు సాంబ్రాణి దొరుకుతాది తాతా, నేను తెస్తా, చట్టి నేనే ఎత్తుకుంటా" అన్నాడు.

కావేరీ, గొర్రెలు అమ్మేశాం. చేను ప్లేట్ల కిందికి పోయింది. దానికి లీజు వస్తోంది, నేనేమీ ఏడుస్తూ కూర్చోలేదు. కానీ ఆ చట్టి మాత్రం ఎవరికీ లీజుకివ్వను.

ముందు నేనే ఒక ప్రయత్నం చేశాను. బంకను ముతక గుడ్డలో చుట్టి, రెండు స్టీలు తట్టల నడుమ పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె పెట్టి నా బలమంతా వేసి నొక్కాను. తేనె మాదిరి చుక్కలు కారాయి! అంటే దారి సరైనదే, బలమే చాలలేదు. మరునాడు మీ మామ అదే పెట్టెతో యూనిఫాం ఇస్త్రీ చేసుకుని పోయాడు. సాయంత్రం వచ్చి నా మీద ఎగిరాడు: "చొక్కా వీపుకు కరుచుకోనుండాది. సూపర్వైజరు నా పక్కకొచ్చి, ఏం చిక్కన్నా, గుడికి పోయొచ్చినావా అని వాసన చూస్తాండాడు."

నువ్వు ఇనుము కోసి అతికించే పనిలో ఉన్నావు. కొందామా, చేద్దామా, నువ్వే చెప్పు. దేవర ఉగాది అయిన వారానికే.

మీ అత్త
నరసక్క


పీణ్య, బెంగుళూరు
25 జనవరి 2024

అత్తకు కావేరి రాసేది,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికి, రెండోసారి అర్థానికి, మూడోసారి మామ చొక్కా కోసం. నవ్వలేక చచ్చాను. నా తప్పులు దిద్ది తిరిగి పంపకు, ముందే చెప్తున్నా.

కొనే సంగతి ముందు చూశాను. నెట్‌లో దీన్ని రోజిన్ ప్రెస్ అంటారు. రెండు ఇనుప ప్లేట్లు, వాటిలో వేడి, పైనుంచి జాకీ బలం, అంతే మిషన్. బొమ్మల్లో బలే ముద్దుగా ఉన్నాయి. కానీ అత్తా, బయటి దేశాల్లో వాటిని కొనేవాళ్ళు పిండేది సాంబ్రాణి కాదు, గంజాయి! నేను భోజనం టైంలో ఫోనులో అదే చూస్తుంటే మా ఓనర్ నందీశ్ సార్ వెనక నిలబడి ఉన్నాడు. నీళ్ళు తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టేసి, "ఏం కావేరీ, వెల్డింగ్ విసుగొచ్చిందా?" అన్నాడు. మా అత్త, మా అత్త చెట్లు, మా అత్త చట్టి, దేవర, అంతా చెప్పాల్సి వచ్చింది. చివరికి ఆయనే "కొనేదేంటికి, మనమే చేద్దాం" అన్నాడు. ఆదివారాలు షాపు వాడుకోమన్నాడు. తుక్కు ఇనుము ఎంత కావాలంటే అంత తీసుకోమన్నాడు.

కాబట్టి చేద్దాం. కొన్నది పాడైతే బాగు చెయ్యడానికి పీణ్యకే రావాలి. నేను చేసింది అయితే ఏ నట్టు ఎక్కడుందో నాకు తెలుసు. లారీ టైరు మార్చే జాకీ ఒకటి చూసి పెట్టాను. మందమైన ప్లేట్లు రెండు కోసి, లోపల రంధ్రాలు పెట్టి, కడ్డీ హీటర్లు దూరుస్తాను. వేడి మించితే బంక మాడిపోతుంది, తగ్గితే కారదు, అందుకని వేడిని ఒక హద్దులో ఆపే బిళ్ళ కూడా పెడతాను.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఒక పిడికెడు బంక పంపు, నొక్కి చూస్తాను. వేడెక్కే ప్లేట్లు అంటే మీ ఊరి సోలార్ ప్లేట్లు అనుకుని వాటి మీద నొక్కకు. మామ ఉద్యోగం పోతుంది.

కావేరి


బలసముద్రం
9 ఫిబ్రవరి 2024

కావేరీ,

నీ అక్షరాలు పర్వాలేదు. "ళ" మాత్రం కన్నడంలోనే ఉంది.

గంజాయి సంగతి మీ మామకు చదివి వినిపించకుండా ఉండాల్సింది. రెండు రోజుల నుంచీ "ఆ పిల్లను పోలీసులు పట్టుకుంటే బెయిలుకు నేను రాను" అని ఒకటే నస. నందీశ్ సారుకు నా నమస్కారం చెప్పు. మనిషి మంచివాడిలా ఉన్నాడు, గ్లాసు కింద పెట్టిన తీరు నాకు నచ్చింది.

నువ్వు పిడికెడు అడిగావు. నేను సంచీ మొత్తం పంపుతున్నాను. మీ మామ సగం ఇంట్లో పెట్టుకొమ్మన్నాడు. పిడికెడుతో చూసేది భయస్తుల పని. నీ చేతి పని మీద నాకు అనుమానం ఉంటే కదా సగం దాచుకునేది? ఈ చలికాలమంతా ఒక్కో చెట్టుకూ గాటు పెట్టి, కారిన బంక ఆరనిచ్చి, ఏరి తెచ్చింది ఇదంతా. చేతులకు అంటుకుంటే కిరసనాయిలు పెట్టి కడిగినా పోలేదు. దేవరలోగా చెట్లు మళ్ళీ ఇంత ఇవ్వవు, కాబట్టి జాగ్రత్త.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ముతక గుడ్డలో చుట్టి నొక్కు. నొక్కినాక మడ్డి పారేసి, మిగిలింది మూట కట్టి పావగడ బస్సుకు వెయ్యి. మిషన్ ఆ తరువాత నిదానంగా పంపినా పర్వాలేదు. నాకు ముందు సరుకు ఇంట్లో ఉండాలి.

ఈ మధ్య శివరాజు మా ఇంటి ముందు బండి నెమ్మదిగా నడుపుతున్నాడు. నిన్న ఆపి, "అక్కా, నీకెందుకు ఈ వయసులో ఇంత కష్టం? చట్టి నేను ఎత్తుకుంటే నీకూ విశ్రాంతి గదా" అన్నాడు. "నాకు విశ్రాంతి కావాలంటే నిద్రపోతానప్పా, చట్టి ఇచ్చేది ఏంటికి?" అన్నాను. పనిలో కూడా ఆయన కిందే ప్లేట్లు కడుగుతున్నాను కదా, అయినా నోరు ఆగలేదు.

తిండి వేళకు తిను. నీళ్ళ క్యానుకు మూత పెట్టుకో.

మీ అత్త


పీణ్య
26 ఫిబ్రవరి 2024

అత్తా,

గెలిచాం!

ఈ ఉత్తరం చేరేలోగా మూట కూడా చేరిపోతుంది. నిన్న ఉదయం పావగడ బస్సు కండక్టరు చేతికిచ్చాను, మామ పేరు, నంబరు రాశాను. ఇప్పుడు కూర్చుని కథ చెప్తాను.

మొదటి నొక్కుడికి జాకీ పక్కకు జరిగి ఫ్రేము మూలిగింది. నందీశ్ సార్ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు, ధైర్యం చూడు ఆయనది. అడ్డంగా ఇంకో పట్టీ వెల్డింగ్ చేశాను. రెండోసారి జాకీ కొడుతుంటే ఏమీ రాలేదు. వేడి ఇంకొంచెం పెంచాను. అప్పుడు అత్తా, గుడ్డ నాలుగు మూలల నుంచీ కారడం మొదలైంది. బెల్లం పాకం రంగు. షాపంతా వాసన. పక్క షెడ్డు లేత్ వాళ్ళు పని ఆపి వచ్చి నిలబడ్డారు. ఒకాయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు!

సంచీ మొత్తం అయ్యేదాకా ఆపలేదు. లోపల మిగిలిన బెరడు బాగా నొక్కుకుపోయి రొట్టెల్లా అయింది, ఒక్క బొట్టు తడి లేదు. నువ్వు చెప్పినట్టే మడ్డి తీసేసి, మిగిలిన రొట్టెలు జాగ్రత్తగా కాగితంలో చుట్టి మూట కట్టాను. ఒక్కటి కూడా విరగలేదు చూసుకో.

ఒక్క విషయంలో నీ మాట దాటాను, తిట్టకు. మడ్డి పారేయమన్నావు కానీ పారేయడానికి మనసు రాలేదు. అంత నిగనిగలాడుతూ ఉంటే ఎట్లా పారేస్తాం? మా ఇంటి ఓనరు సౌభాగ్య ఆంటీకి ఇచ్చేశాను. ఆమె పుట్టిల్లు మలెనాడు అడవుల వైపు. చూడగానే కళ్ళకద్దుకుంది. వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి ఇంతకన్నా మంచిది దొరకదంది. పారేసేదానికి ఇంత సంతోషపడే మనిషిని నేనెక్కడా చూడలేదు.

మీ దేవరకు బెరడే ముఖ్యమని నాకు ఇంతకాలం తెలీదు. పద్ధతులు ఎన్ని రకాలో.

నీ మేనకోడలు, ప్రెస్ కావేరి


బలసముద్రం
4 మార్చి 2024

ఒసే కావేరీ,

మూట వచ్చింది. విప్పాను. విప్పి, కాగితాలన్నీ తీసి, మూటను తలకిందులుగా దులిపి చూశాను. తరువాత నీ ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా అసలు సరుకు బస్సులో ఎవరో కొట్టేశారనుకుని మీ మామ చేత కండక్టరుకు నాలుగుసార్లు ఫోను చేయించాను. పాపం ఆయన దేవుడి మీద ఒట్టు పెట్టాడు.

మడ్డి అంటే ఏందే? నూనె తీసేశాక అడుగున ఉండేది మడ్డి. పనికిరాక మిగిలేది మడ్డి. మీ నాన్నను బళ్ళో అయ్యవారు ఊరికే మడ్డోడా అనేవాడా? నీకు అర్థమయ్యేలా ఇంకెట్లా రాయాలి? పనికొచ్చేది ఊరి మీదికి పంచిపెట్టి, పారేసే పిప్పిని చీరె పెట్టినట్టు మడతలు పెట్టి, ఒక్కటీ విరగకుండా పంపావు!

నాకు కోపం ఎంత వచ్చిందంటే మొదటి రోజు పొయ్యే వెలిగించలేదు. మీ మామ భయపడి ఆయనే అన్నం వండాడు. రెండో రోజు నీ ఉత్తరంలో ఆ లేత్ ఆయన చెప్పులు విడిచిన చోటు మళ్ళీ చదివి, నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. మూడో రోజు మళ్ళీ కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తున్నది మూడో రోజున.

ఆ సౌభాగ్యమ్మ దగ్గర ఏమైనా మిగిలి ఉందేమో వెంటనే అడుగు. ఫోను చెయ్యొద్దు. మీ మామ ఫోనులో నేను ఏడిస్తే గేటు దాకా వినపడుతుంది.

అత్త


పీణ్య
10 మార్చి 2024

అత్తా,

నా చెంపలు నేనే వేసుకున్నాను, నందీశ్ సార్ ముందే.

ఎట్లా జరిగిందో చెప్తాను, చెప్పాక కొట్టు. నీ సంచీ వచ్చిన రోజు సౌభాగ్య ఆంటీ వాసన చూసి, "ఇదు మడ్డి కణమ్మా, మడ్డి ధూప" అంది. మలెనాడులో చెట్టు నుంచి కారే ధూపం బంకనే మడ్డి అంటారంట. ఇక్కడ గ్రంథిగె అంగడిలో, అదే పూజ సామాన్ల కొట్టులో కూడా డబ్బా మీద కన్నడంలో అదే రాసి ఉంటుంది, నేనే చూశాను. నీ ఉత్తరంలో మడ్డి పారేయమని చదివితే నా బుర్రలో ఆ డబ్బానే కనిపించింది. నూనె మడ్డి నాకు తెలీక కాదు. అక్షరం తెలుగులో ఉంది, చదివింది మాత్రం కన్నడంలో. ఇంతకీ నువ్వు "ళ" గురించి అన్నది నిజమే.

ఆంటీ దగ్గర ఏమీ మిగల్లేదు. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళందరికీ తాంబూలంతో పాటు తలా ఒక ముక్క పెట్టి పంచేసింది. విషయం చెబితే ఆమె నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఇంటింటికీ పోయి అడిగి తెస్తానంది. తాంబూలం వెనక్కి అడిగితే బాగుంటుందా? నేనే వద్దన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. సిటీ మార్కెట్లో అసలైన సాంబ్రాణి దొరుకుతుంది, అందుగుదే. నేను కొని పంపిస్తాను, కల్తీ లేనిది. ఎవరికీ తెలియదు. చట్టి పోవడానికి వీల్లేదు, పోతే నా వల్ల పోయినట్టు.

ప్రెస్ తుది పని కూడా పూర్తయింది. ఎల్లుండి బస్సుకు వేస్తున్నాను. బరువుగా ఉంటుంది, మామ ఒక్కడే ఎత్తకుండా చూడు.

కావేరి


బలసముద్రం
22 మార్చి 2024

కావేరీ,

ముందు నవ్వే సంగతి చెప్తాను, కోపం తరువాత.

నువ్వు పెట్టె మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ప్రెస్ అని రాశావు కదా? కండక్టరు మీ మామకు ఫోను చేసి, "మీ ప్రెస్ వచ్చింది, పావగడ బస్టాండుకు రండి" అన్నాడు. మీ మామ గేటు దగ్గర నిలబడి అందరికీ వినపడేలా అరిచాడు: "మా నరసక్క పిలిపించిన ప్రెస్సు వచ్చేసిందంటప్పా, పావగడలో దిగిందంట!" అప్పుడు శివరాజు అక్కడే ఉన్నాడు. మరునాడు పనికి పోతే ప్లేట్లు కడిగే మా అందరికీ కొత్త గ్లౌజులు, టోపీలు, నీడకు పందిరి! ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నామో. సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు, చేతిలో బాళెపండ్లు. "అక్కా, ఆ ప్రెస్సోళ్ళు ఏమడుగుతారంట?" అన్నాడు.

నేను ఎందుకు చెప్తాను? "వాళ్ళు ఊరికే అడిగే రకం గాదు శివరాజూ, నొక్కి నొక్కి బయటికి తీసే రకం" అన్నాను. పండ్లు పెట్టేసి పోయాడు. మిషన్ పక్క గదిలోనే, గోనెపట్ట కప్పుకుని ఉంది. చూశాను. నీ చేతి పని అద్దంలా ఉంది కావేరీ. మీ నాన్న చూస్తే బాగుండేది.

ఇక నువ్వు రాసిన కొనే మాట. నువ్వు తెలిసి రాశావా, భయంలో రాశావా? కొన్న బంక నేను చట్టిలో వేస్తే, శివరాజు కొన్న ప్యాకెట్టుకూ దానికీ తేడా ఏముంది? అంగడి సరుకే అయితే ఆయనకే ఇవ్వడం న్యాయం, ఆయన దగ్గర డబ్బు ఎక్కువ. ఎవరికీ తెలియదంటావా? చట్టి మోసేదాన్ని నేను. నాకు తెలుస్తుంది. కొని పంపితే తీసుకోను, అదే బస్సుకు తిప్పి వేస్తాను.

నువ్వు పంపిన రొట్టెలే వేస్తాను. ఆ బెరడూ మా చెట్లదే కదా. మొన్న ఒక ముక్క నిప్పు మీద వేసి చూశాను. పేలలేదు. ఒక్క రవ్వ ఎగరలేదు, నీ మిషన్ తేమంతా పిండేసింది. కానీ పొగ రావడానికి చాలాసేపు పట్టింది. రాళ్ళలా గట్టిపడ్డాయి మరి. అంతసేపు జనం ఊరుకుంటారో లేదో తెలియదు. ఊరుకునేలా చెయ్యాలి. మీ మామ "పోతే పోనీలే నరసక్కా" అంటున్నాడు. ఆయన మంచి మనిషి, అందుకే చట్టి నేను మోస్తున్నాను.

అత్త


పీణ్య
2 ఏప్రిల్ 2024

అత్తా,

కొనలేదు. ఒట్టు.

రొట్టెలను ముందే చిన్న ముక్కలుగా చితకొట్టుకో, తొందరగా అంటుకుంటాయి. చట్టిలో నిప్పులు బాగా ఎర్రబడ్డాకే వెయ్యి. పైనుంచి గట్టిగా ఊదకు, బూడిద లేస్తుంది.

దేవర రోజు నాకు సెలవు దొరకలేదు, పెద్ద ఆర్డరు ఉంది. మామ ఫోను నువ్వే దగ్గర పెట్టుకుని అయిపోగానే చెయ్యి అంటే వినవు, ఉత్తరమే రాస్తావు. నిన్న వెల్డింగ్ గీత వంకర పోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోలేదు.

చట్టి పోతే నాతో మాట్లాడటం మానెయ్యవు కదా?

కావేరి


బలసముద్రం
17 ఏప్రిల్ 2024

కావేరీ,

మానెయ్యడానికి నాకు మాట్లాడే దిక్కు ఇంకెవరున్నారే? ఏం ప్రశ్న అది?

నిన్న దేవర అయింది. కాళ్ళు ఇంకా పీకుతున్నాయి, అయినా జరిగింది జరిగినట్టు రాసి ఈ పొద్దే పోస్టులో వేస్తాను.

నువ్వు చెప్పినట్టే ముక్కలు చితకొట్టుకున్నాను. పూజారి గంట కొట్టాడు, డప్పులు మొదలయ్యాయి. చట్టి ఎత్తుకుని ముందు నిలబడ్డాను. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. గుప్పెడు వేశాను. ఏమీ లేదు. ఇంకో గుప్పెడు. ఊహూ. పొగ లేకుండా స్వామి కదలకూడదు కదా, పల్లకి మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నారు. డప్పుల వాళ్ళు వాయించి వాయించి ఆపేశారు. అందరూ నన్నే చూస్తున్నారు. మీ మామ మాత్రం ఆకాశం చూస్తున్నాడు. శివరాజు జేబులోంచి ప్యాకెట్టు తీసి, మూల చింపి పట్టుకున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ఇచ్చేసేదాన్నేమో. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు గుండె జారింది. నువ్వు నన్ను ఎప్పుడూ అట్లా చూసి ఉండవు.

దొడ్డయ్య తాత గుండు రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చూపు బాగా తగ్గింది, మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చింది. "ఏందప్పా, సద్దు లేదు? పొగ యాడ?" అన్నాడు.

అప్పుడు వచ్చింది. చట్టి అంచు మీద నుంచి కిందికి కారినట్టు, బరువుగా, నల్లగా, నిదానంగా. మొన్న ఒక్క ముక్కకు తెలియలేదు గానీ, వాసన సాంబ్రాణి వాసన కాదు కావేరీ. బెరడు వాసన, దాంట్లో కలిసిన ధూపం. నాకు చప్పున పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. వానాకాలంలో గొర్రెలకు ఈగలు ముసిరితే మా మామగారు బంకను బెరడుతో సహా పెకిలించి తెచ్చి దొడ్డి మూలల్లో నిప్పు మీద వేసేవాడు. ఎవరు శుభ్రం చేశారు అప్పుడు? ఎవరు నొక్కారు? అట్లాగే రాత్రంతా కమిలేది. మంద అమ్మినప్పటి నుంచీ ఊళ్ళో ఎవరూ ఆ పొగ వెయ్యలేదు.

గాలి దొడ్డయ్య తాత వైపు తిరిగింది. తాత లేచి నిలబడ్డాడు. చేతికర్ర ముందుకు చాపాడు, ముఖం అంతా వెలిగిపోయింది. గట్టిగా అరిచాడు.

"మంద వచ్చేసినట్టుండాదే! ఎవురన్నా దొడ్డి తడిక తీయండప్పా. బయట నిలబడుకోనుండాయి, తడిక తీయండి!"

గుట్ట కింద చూస్తే ఎటు చూసినా ప్లేట్లే, ఎండకు తళతళా మెరుస్తున్నాయి. ఏ తడిక తీస్తాం? ఆయనకు ఏమని చెప్తాం?

శివరాజు ముందుకు వచ్చాడు. ప్యాకెట్టు మళ్ళీ జేబులో పెట్టుకుని, తాత దగ్గరికి పోయి ఆయన కర్ర పట్టుకున్నాడు. శివరాజు వాళ్ళ నాన్న మందా మా మందా ఒకే దొడ్డిలో పడుకునేవి ఒకప్పుడు. "తీసినా తాతా" అన్నాడు. "అన్నీ లోపలికొచ్చినాయి. నువ్వు కూసో."

తాత కూర్చున్నాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నేను ఏడుస్తూనే నడిచాను. మూడు చుట్లూ ఏడ్చాను, సిగ్గుపడలేదు. అందరూ పొగ వల్ల అనుకుని ఉంటారు, అనుకోనీ. పొగ ఆగలేదు, ఒక్క రవ్వ ఎగరలేదు. చివరికి చట్టి ఎవరిదని అడిగినవాళ్ళు లేరు. నేను తలెత్తుకుని ఇంటికి తెచ్చుకుని, కడిగి, అటక మీద పెట్టాను.

అత్త